కుళాయిని బిగించునది తుప్పా, సున్నమా?

కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతముగా చిరకాలము పేరుపొందిన జగ్గయ్యపేట, నందిగామ సీమలు 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నవి. హైదరాబాదు నుండి విజయవాడకు వచ్చు రహదారి తెలంగాణము దాటిన వెంటనే ఈ సీమలో ప్రవేశించును. రెండు మాండలికములు కలియు చోటు గనుక నీటిగొట్టపు చివరనుండు సాధనమునకు పేర్లు కూడ ఒకటికి మించి యున్నవి. కోస్తా జిల్లాల 'కుళాయి' తమిళమున గొట్టమను అర్థముగల మాటకు చుట్టము. పడమటివారి 'నల్లా' కాలువ, గొట్టము అను అర్థముల నాళ శబ్దపు సంతతి. పల్లెలలో చాలమంది దానిని 'పంపు' అనియే అందురు. పేరేదైనను జబ్బు ఒక్కటే. కొన్నేండ్లు గడచునప్పటికి పిడి తిరుగదు. బలవంతముగా తిప్పినను నీరు పూర్తిగా కట్టదు. మార్చుదమన్నచో కుళాయి గొట్టమునుండి ఊడిరాదు. 'తుప్పు పట్టినది' అని ఇంటివారు తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు సగమే నిజము. రెండవ సగమును తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది.

జగ్గయ్యపేట చుట్టుపట్ల నేల సున్నపురాతి నేల. ఊరికి చేరువనున్న ధనంబోడు మీది బౌద్ధస్తూపమును జేమ్స్ బర్జెస్ 1882లో పరిశీలించినప్పుడు బయల్పడిన శిల్పఫలకములు ఆ జాతి రాతివే. వానిలో మిక్కిలి పేరుగన్న మాంధాత చక్రవర్తి ఫలకము చెన్నై ప్రభుత్వ మ్యూజియమున నున్నది. నాడు శిల్పి ఉలికి లొంగిన రాయి నేడు సిమెంటు కర్మాగారముల బట్టీలకు ముడిసరుకగుచున్నది. ఇవిగాక మూడవ మార్గమున కూడ అది ఇంటింటికి వచ్చుచున్నది. అయితే అప్పుడు కంటికి కనబడదు. నీటిలో కరగి వచ్చును. కొన్ని బావుల నీటితో కందిపప్పు ఉడకదనియు, సబ్బు నురగ ఈయదనియు ఇల్లాండ్రు చెప్పుకొను మాటకు మూలమిదియే. పప్పుగింజలోని కణములను అంటించియుంచు పెక్టిన్ అను పదార్థమును నీటిలోని కాల్షియము మరింత గట్టిపరచును. సబ్బుతో కలిసినప్పుడు అదే కాల్షియము నీట కరగని తెట్టెగా మారును.

శుద్ధజలమున సున్నపురాయి కరగుట అత్యల్పము. మరి బావినీటిలో అంత సున్నమెట్లు నిలిచినది? స్కాట్లండు రసాయనవేత్త జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రకటించిన ప్రయోగములలో, సున్నపురాయిని కాల్చినప్పుడు దానినుండి ఒక వాయువు వెడలిపోవుననియు, రాయి బరువు తగ్గుటకు అదియే కారణమనియు చూపెను. దానిని అతడు 'స్థిరవాయువు' అనెను. పాత పాఠ్యపుస్తకముల బొగ్గుపులుసు వాయువు, నేటి కార్బన్ డయాక్సైడు, అదియే. పదకొండేండ్లకు, 1767లో, హెన్రీ కేవెండిష్ లండను నగరమున రాత్‌బోన్ ప్లేస్ అను చోట ఇండ్లకు సరఫరా అగుచున్న ఊటనీటిని పరీక్షకు తీసికొనెను. ఆ నీటిని కాచినచో తెల్లని మడ్డి అడుగంటుచుండెను. మామూలు కొలతకు మించి కరగియున్న స్థిరవాయువే సున్నపుమన్నును నీటిలో నిలిపియుంచుచున్నదనియు, కాచినప్పుడు వాయువు లేచిపోగా సున్నము విడిపడుచున్నదనియు అతడు తేల్చెను. చాయ కాచు గిన్నెలలో తెల్లని పెచ్చు ఎందుకు కట్టునో లోకమునకు తెలిసినది అప్పుడే.

పాఠశాలలో దీనిని పది నిమిషములలో చూపవచ్చును. తేరిన సున్నపునీటిలోనికి సన్నని గొట్టముతో ఊపిరి ఊదినచో నీరు పాలవలె తెల్లబడును. సాధారణముగా ఉపాధ్యాయులు అక్కడనే ఆగిపోవుదురు. ఆగక ఇంకను ఊదుచునే యున్నచో ఆ తెలుపు క్రమముగా విరిగి నీరు మరల తేటపడును. ఆ తేటనీటిని కాచినచో తిరిగి తెల్లబడును. మొదటి దశలో ఏర్పడినది కాల్షియం కార్బొనేట్, అనగా సున్నపురాతి పొడి. రెండవ దశలో అది అధికమైన వాయువుతో కూడి కాల్షియం బైకార్బొనేట్‌గా కరగినది. మూడవ దశలో వాయువు పోయి రాయి మిగిలినది. వాననీరు నేలలోనికి ఇంకునప్పుడు వేళ్లు, సూక్ష్మజీవులు విడిచిన వాయువును త్రాగి, సున్నపురాతి పొరలను కరగించుకొని బోరుబావిలోనికి చేరుట రెండవ దశ. కుళాయి మూతివద్ద జరుగునది మూడవ దశ. దానికి పొయ్యి అక్కరలేదు. గాలి తగిలి వాయువు లేచిపోయినను, నిలిచిన చుక్క ఎండిపోయినను చాలును. పంటిమీది గారవంటి తెల్లని గార మిగులును.

ఆ గార ఎచ్చట చేరిన కుళాయి బిగియునో తెలియుటకు దాని నిర్మాణము తెలియవలెను. రోమనుల కాలపు కుళాయి కంచుబిరడా. పాంపే శిథిలములలో అట్టివి దొరకినవి. అడ్డముగా రంధ్రముగల ఆ బిరడాను పావువంతు త్రిప్పిన నీరు వచ్చును, మరి పావువంతు త్రిప్పిన ఆగును. లోహమునకు లోహము ఒరసికొనుచుండుటచే అది అరిగి కారుచుండెడిది. గట్టిగా బిగించిన పట్టివేయుచుండెడిది. ఇంతకంటె పెద్దచిక్కు, నీటిని తటాలున ఆపుటచే గొట్టములో పుట్టు దెబ్బ. ఇనుపగొట్టములలో అధికపీడనముతో నీరు పంపు పద్ధతి నగరములకు వచ్చిన తరువాత బిరడా కుళాయి నిలువలేకపోయెను. 1845లో ఇంగ్లండులోని రాదరహాం పట్టణపు గెస్ట్ అండ్ క్రైమ్స్ కంపెనీ మరతో దిగు కుళాయికి పేటెంటు పొందెను. నేటికిని బజారులో దొరకు మామూలు ఇత్తడి కుళాయి దాని వంశమే. పిడిని త్రిప్పినచో మరచుట్లు గల కాడ మెల్లగా క్రిందికి దిగును. కాడ కొనకు తగిలించిన వాషరు నీటిరంధ్రపు అంచుమీద కూర్చుండి నీటిని ఆపును. కాడ పైకి వచ్చుచోట నీరు చిమ్మకుండ దారము కూరి, దానిపై గ్లాండునట్టు బిగింతురు. మొదట తోలు వాషర్లు, తరువాత రబ్బరువి వచ్చినవి.

దీనిలోని తెలివి యేమనగా, అరగవలసిన పనిని విలువైన లోహమునుండి తప్పించి కొద్ది పైసల తోలుముక్కకు అప్పగించుట. కుళాయి చరిత్ర అంతయు ఇట్లే సాగినది.

సున్నపునీటి సీమలో గార పట్టు చోట్లు రెండు. ఒకటి కాడమీది మరచుట్లు; అక్కడ గార చేరిన పిడి తిరుగదు. రెండవది వాషరు కూర్చుండు అంచు. అక్కడ చేరిన గరుకు రబ్బరును కోసివేయును, కుళాయి బొట్లు కారును. క్షణమునకొక బొట్టు కారు కుళాయి ఎంత నీరు పాడుచేయునో విద్యార్థులు గ్లాసు పెట్టి కొలువవచ్చును. నాలుగు బొట్లు ఒక మిల్లీలీటరనుకొన్నచో రోజుకు 86,400 బొట్లు, ఇరువదియొక్క లీటర్లకు పైమాట. 2019 ఆగష్టు 15న ప్రారంభమైన జల్ జీవన్ పథకమున పల్లెలలో మనిషికి దినమునకు 55 లీటర్లు లక్ష్యముగా పెట్టుకొనిరి. చెడిన వాషరొక్కటి ఆ లెక్కలో మూడవవంతుకు మించి త్రాగివేయును.

ఇక తుప్పు. ఇది నీటి దోషము కాదు. ఇనుము, నీరు, ఆక్సిజను మూడును కలిసిన చోట పుట్టునది. ఇనుపగొట్టమునకు యశదపు పూత పూయు ఆలోచనను ఫ్రెంచి రసాయనజ్ఞుడు మలూయిన్ 1742లో అకాడమీకి నివేదించెను. కాని పూత ఎందుకు కాపాడునో అతనికి తెలియదు. గాల్వానీ కప్పకాళ్ల ప్రయోగములు, 1800లో ఓల్టా విద్యుద్ఘటము వచ్చిన పిదపగాని ఆ రహస్యము విడివడలేదు. రెండు లోహములు నీటిలో తగులుచున్నచో వానిలో చురుకైనది కరగుచు రెండవదానిని కాపాడును. హంఫ్రీ డేవీ 1824లో దీనిని ఆంగ్ల నౌకాదళపు ఓడలమీద ప్రయోగించెను. ఓడ అడుగున కొట్టిన రాగిరేకులకు ఇనుము, యశదము ముక్కలు తగిలించగా రాగి చెడుట ఆగినది. అయితే కరగని రాగికి విషము లేదు గనుక సముద్రజీవులు గుంపులుగా అంటుకొని ఓడల వేగము తగ్గినది. శాస్త్రము సరియైనది, ఫలితము వ్యర్థమైనది! 1837లో ఫ్రాన్సు దేశపు సోరెల్ ఇనుమును కరగిన యశదములో ముంచు పద్ధతికి పేటెంటు పొందెను. గాల్వానీ పేరిట దానిని గాల్వనైజింగ్ అనిరి. మన ఇండ్లలోని జి.ఐ. గొట్టము ఆ పద్ధతి బిడ్డ.

తుప్పు విద్యుద్రసాయన చర్య యని అమెరికా రసాయనవేత్త విట్నీ 1903లో స్పష్టపరచెను. 1920ల దశాబ్దములో కేంబ్రిడ్జిలో ఎవాన్స్ మరొక విశేషము కనుగొనెను. ఒకే ఇనుపముక్కలో ఆక్సిజను ఎక్కువగా అందు చోటుకాక, తక్కువగా అందు ఇరుకు చోటు తినివేయబడును. కుళాయి గొట్టముతో కూడు మరచుట్లు అట్టి ఇరుకే. పైగా గొట్టమునకు మర కోసినప్పుడు యశదపు పూత అక్కడనే పోవును. దానికి ఇత్తడి కుళాయి జోడైనది. ఇనుము ఇత్తడికంటె చురుకైన లోహము గనుక ఇనుమే కరగవలసివచ్చును. మూడు దోషములు ఒక్క అంగుళములో కూడినవి. తుప్పు తన పుట్టుకకు కారణమైన ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును. మరచుట్ల మధ్య అది మేకు దిగగొట్టినట్లు ఉబ్బును.

ఆ మరచుట్ల కొలత ఒక చిన్న వింత. అర అంగుళపు కుళాయి మరను స్కేలుతో కొలిచిన అర అంగుళము రాదు. దాదాపు 21 మిల్లీమీటర్లు, ముప్పాతిక అంగుళమునకు మించి వచ్చును. అర అంగుళమనునది పూర్వపు గొట్టముల లోపలి కొలత. పేరు నిలిచినది, గొట్టపు గోడ మారినది. అంగుళమునకు 14 చుట్లు, చుట్టునకు 55 డిగ్రీల కోణము. ఆ కోణమును జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించెను. అంతకుముందు ప్రతి కార్ఖానాకు తన మర తనదే. నేడు నందిగామలో కొన్న కుళాయి జగ్గయ్యపేటలో బిగించిన గొట్టమునకు సరిపోవుట ఆ ప్రతిపాదన పుణ్యమే.

బిగిసిన కుళాయిని విప్పుటలో రెండు వ్యాధులకు రెండు మందులు. పిడి తిరుగకున్నచో దోషము చాలవరకు గార. దానిని ఆమ్లము కరగించును. వినిగరులో గాని నిమ్మరసములో గాని తడిపిన గుడ్డను కుళాయి తలకు చుట్టి రాత్రి అంతయు ఉంచిన, సన్నని బుడగలు లేచి గార మెత్తబడును. ఆ బుడగలు బ్లాక్ చూచిన స్థిరవాయువే. చింతపండు ఇత్తడి బిందెల చిలుమును వదల్చునుగాని మందమైన గారకు చాలదు. దాని ఆమ్లముతో కాల్షియము కలిసి ఏర్పడు లవణము సరిగా కరగదు. స్నానపు గదులు కడుగు ఘాటైన ఆమ్లమును పోయుట మాత్రము పెద్ద పొరపాటు. అది గారతోపాటు యశదమును, ఇనుమును కూడ తినును. దాని పొగ ఊపిరితిత్తులకు హాని.

కుళాయి గొట్టమునుండి ఊడిరాకున్నచో దోషము తుప్పు. దానిమీద నిమ్మరసమునకు పని తక్కువ. కిరసనాయిలు లేదా పలుచని నూనె సందులలోనికి తనంత తాను ప్రాకును. దీపపు వత్తిలోనికి నూనె ఎక్కించు కేశనాళికాచర్యయే ఇక్కడను పనిచేయును. ఒక పూట నానవలెను. అప్పటికిని కదలనిచో వేడి. అయితే ఇత్తడి వేడికి ఇనుముకంటె దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా వ్యాకోచించును. ఇనుప సాకెట్టు లోపల ఇత్తడి మర ఉన్నది గనుక రెండింటిని సమముగా కాచిన బిగువు పెరుగును! సాకెట్టుకు గుడ్డచుట్టి దానిమీదనే మరగునీరు పోయవలెను. పై ఇనుము ముందు సాగును, లోపలి ఇత్తడికి వేడి తరువాత అందును. తేడా మిల్లీమీటరులో నూరవవంతు ఉండదు. తుప్పుపొర బీటలువారుటకు అదియే చాలును. కిరసనాయిలు పూసిన చోట మంట చూపరాదు. నీటిని పైనుండి కట్టివేసి, ఒక పానాతో గొట్టమును కదలకుండ పట్టి, రెండవ పానాతో కుళాయిని త్రిప్పవలెను. రెండవ చేయి లేక ఒక్క పానాతోనే లాగుటచే గోడలోని ఎల్బో విరిగి, రూపాయి పనికి గోడ త్రవ్వవలసివచ్చిన ఇండ్లు ఎన్నో!

ఇంతవరకు సున్నమును దోషిగానే చెప్పుట జరిగినది. దానికి రెండవ ముఖము కలదు. నీటిలోని సున్నము గొట్టపు లోపలి గోడమీద కోడిగ్రుడ్డు పెంకువలె పలుచని పొరగా కట్టినచో ఇనుమునకు నీరు తగులక తుప్పు తగ్గును. ఏ నీరు పొర కట్టును, ఏ నీరు ఉన్న పొరను కరగించును అని లెక్కించు సూత్రమును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాంజిలియర్ 1936లో ప్రకటించెను. కుళాయిని బిగించు సున్నమే గొట్టమును బ్రతికించునన్నమాట. గొట్టములోని పొర ఎంత విలువైనదో అమెరికాలోని ఫ్లింట్ నగరమున తెలిసివచ్చినది. 2014 ఏప్రిల్‌లో ఆ నగరము సరస్సునీటిని మాని నదినీటికి మారినది. గొట్టములను కాపాడు రసాయనమును ఆ నీటిలో కలుపలేదు. పాతగొట్టముల లోపలి రక్షకపొరలు చెడి సీసము త్రాగునీటిలోనికి దిగినది. పసిపిల్లల రక్తములో సీసము పెరిగినది. 2015 అక్టోబరులో పాతనీటికి మరలిరి. బోరునీటికి అలవాటుపడిన గొట్టములలోనికి నదినీరు మళ్లించు ప్రతి ఊరును ఎరుగవలసిన చరిత్ర ఇది. నాగార్జునసాగర్ ఎడమకాలువ, కృష్ణ, మునేరు అందుబాటులోనున్న ఈ మెట్టసీమలో అట్టి మార్పు అసాధారణము కాదు. నీరు మారిన తొలివారములలో కుళాయినుండి ఎర్రని మడ్డి, తెల్లని రేణువులు వచ్చుట పాతపొర సడలుచున్నదనుటకు గుర్తు కావచ్చును. అప్పుడు ఉదయమున నిలిచిన నీటిని కొంతసేపు వదలి పట్టుకొనుట, పరీక్ష చేయించుట అవసరము.

క్రొత్త భాగములు కొనునప్పుడు అంగడివాడు మొదట చూపునది మెరుపు. క్రోమియపు పూత క్రింద ఇత్తడి ఉండవచ్చును, చవుకైన యశదమిశ్రమము ఉండవచ్చును. మెరుపు రెండింటికి ఒక్కటే. పూతలేని మరచుట్లవద్ద గీచి చూచిన ఇత్తడి పసుపుగా, యశదమిశ్రమము బూడిదరంగుగా కనబడును. చేతిలో ఇత్తడి బరువెక్కువ. అయస్కాంతము ఇనుమును పట్టియిచ్చునుగాని యశదమును పట్టియీయదు. ఇత్తడిలోను భేదము కలదు. యశదము ఎక్కువగల ఇత్తడినుండి కొన్ని నీళ్లు యశదమును మాత్రమే లాగివేసి, గుల్లబారిన ఎర్రరాగిని మిగుల్చును. ఆకారము చెడదు, పానా పెట్టగానే విరుగును. నీటిలోని క్లోరైడులకు, సున్నపు కాఠిన్యమునకు గల పాళ్లనుబట్టి ఈ వ్యాధి వచ్చునని 1960ల తొలిభాగమున ఇంగ్లండులో టర్నర్ చూపెను. ఉప్పదనము ఎక్కువై సున్నము తక్కువైన నీరు ఇత్తడికి మిక్కిలి చెడ్డది. అట్టి బావిగలవారు గన్‌మెటల్ కుళాయిని గాని, స్వల్పముగా ఆర్సెనిక్ కలిపి యశదము విడిపోకుండ చేసిన ఇత్తడిని గాని కొనుట మేలు. పోతపనికి ఇత్తడిలో సీసము కలుపుట పాత ఆచారము. త్రాగునీరు తగులు భాగములలో అది సగటున నూటికి పావువంతు మించరాదని అమెరికాలో 2014 నుండి నియమము వచ్చినది. మనదేశమున రాగిమిశ్రమపు మర కుళాయిలకు ఐ.ఎస్. 781, ప్లాస్టిక్ కుళాయిలకు ఐ.ఎస్. 9763 ప్రమాణములు. కుళాయిమీద ఐ.ఎస్.ఐ. గుర్తుతోపాటు ఆ సంఖ్య ఉన్నదా యని చూడవలెను. ప్లాస్టిక్ కుళాయికి తుప్పు లేదు, యశదమును కోల్పోవు వ్యాధి లేదు. ఎండలో మాత్రము పెళుసుబారును, దాని మరను పానాతో బిగింపరాదు.

1970ల తరువాత వ్యాపించిన పింగాణిబిళ్లల కుళాయిలో వాషరు లేదు. అద్దమువలె నునుపుచేసిన రెండు అల్యూమినా బిళ్లలు ఒకదానిపై నొకటి జారును. పావుచుట్టుతో తెరచుట, మూయుట. రోమనుల బిరడా క్రొత్త ఒంటితో తిరిగివచ్చినట్లే. బిళ్ల అరగదు, తుప్పుపట్టదు. కాని బోరునుండి వచ్చు ఇసుక రేణువు రెండు బిళ్లల మధ్య చిక్కిన గీతపడును; గార చేరిన బిగియును. బాగుచేయుట లేదు, లోపలి మొత్తము భాగమును మార్చవలెను. అదే కంపెనీ భాగము దొరకవలెను. కనుక వడపోత లేని బోరునీటి ఇంటికి పెరటి కుళాయిగా వాషరు కుళాయియే నయము. దానిలో చెడునది రబ్బరుముక్క, అది ఏ అంగడిలోనైనను దొరకును.

బిగించునప్పుడు మరకు పూర్వము జనుపనారయో నూలుదారమో చుట్టి సఫేదా పూయుచుండిరి. సఫేదాలో సీసమున్న రోజులవి. నేడు చుట్టు తెల్లని టేపు టెఫ్లాన్. 1938 ఏప్రిల్ 6న అమెరికాలో రాయ్ ప్లంకెట్ శీతలవాయువులమీద పరిశోధించుచుండగా అనుకోకుండ సిలిండరులో దొరకిన పొడి అది. దేనికిని అంటని ఆ గుణమే మర మరల విప్పుటకు వీలిచ్చును. మర తిరుగు దిక్కుననే టేపును చుట్టవలెను. ఎదురుదిక్కున చుట్టినది బిగించుచుండగానే ఊడివచ్చును. టేపు ఉన్నది గనుక ఇత్తడికి, ఇనుమునకు స్పర్శ తప్పినదనుకొనరాదు, చుట్ల కొసలు దానిని కోసికొని తగులుచునే యుండును. ఇనుప సాకెట్టు అప్పటికే గుల్లబారియున్నచో దానిని కూడ మార్చి, గొట్టపు కొసకును కుళాయికిని నడుమ ఒక ప్లాస్టిక్ ముక్క వేసినచో రెండు లోహముల తగులాట నిజముగా తప్పును. ఆ తరువాత నెలకొకసారి కుళాయిని పూర్తిగా తెరచి మూయుచుండిన, మరచుట్లలో చేరు గార రాయికాకమునుపే రాలిపోవును.